వాచ్‌మన్ యాదగిరన్న ఇవ్వని ఇంటర్వ్యూ

మొన్న నేను నిక్షేపంగా ఉన్న ఒక పెద్దమనిషిని చంపేసి, క్లాసు మధ్యలో దొరికిపోయాను. కంగారుపడకండి, టీ తాగుతూ వినండి.

నేను చదివేది సోషియాలజీ ఎం.ఏ. ఉండేది కొండాపూర్‌లో అక్కావాళ్ళ ఫ్లాట్లో. ఈ సెమిస్టర్‌లో ఫీల్డ్‌వర్క్ ఏంటంటే, మన చుట్టుపక్కల పనిచేసే ఒక మనిషితో కూర్చుని మాట్లాడి, ఆయన జీవితం గురించి పది పేజీలు రాయాలి. అందులో పోతే పేపర్ మొత్తం పోయినట్టే. మా మేడమ్ ఏఐ వద్దనే రకం కాదు. భాష దిద్దుకోండి, పేజీలు సర్దుకోండి, మాటలు మాత్రం ఆ మనిషివే ఉండాలి, దేనికి వాడారో చివర్లో రాయండి అంది.

నేను సరిగ్గా తిరగేసి చేశాను. మా వాచ్‌మన్ ఉండేది సెల్లార్లోనే, లిఫ్ట్ దిగితే చాలు. కానీ అంత దూరం ఎవరు పోతారు? గేటుకున్న టు-లెట్ బోర్డు చూసి యాదగిరి అనే పేరూ, ఫోన్ నంబరూ రిపోర్టులో ఎక్కించి, మిగతాదంతా ఏఐని చెప్పమన్నాను. గుండె పిండేసేలా ఉండాలని కూడా అడిగాను. పిండేసింది. కరువు, ఎండిన బోరు, పొలంలోనే కుప్పకూలి ప్రాణం విడిచిన తండ్రి. చదువుతుంటే నాకే ఏడుపొచ్చింది. చివర్లో ‘భాష దిద్దడానికి మాత్రమే ఏఐ వాడాను’ అని రాసి, దర్జాగా సంతకం పెట్టాను.

మేడమ్‌కి తెగ నచ్చింది. అదే నా కొంప ముంచింది. ఇంత బాగా మాట్లాడిన మనిషికి థాంక్స్ చెప్పాలని, అందరి ముందూ స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది.

"డబల్ బెడ్రూమ్ పోయింది మేడమ్, సింగిల్ ఉన్నది," అన్నాడు యాదగిరన్న, హలో కూడా అనకుండా. బోర్డు మీది నంబరు కదా, ఆయనకొచ్చే ఫోన్లన్నీ అవే.

ఫ్లాట్ కోసం కాదనీ, నాన్నగారి సంగతి చదివి చాలా బాధపడ్డాననీ మేడమ్ చెప్పింది.

"మా నాయినకేమైంది మేడమ్? పొద్దుగాలనే మాట్లాడిండు, నాట్లు నడుస్తున్నయన్నడు."

స్పీకర్లో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది, ఆయన గభాల్న లేచినట్టున్నాడు. అంతవరకూ నాది మార్కుల భయమే. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది. మేడమ్ ఆయనకి సర్దిచెప్పి, ఫలానా అబ్బాయి మీతో మాట్లాడాడా అని అడిగింది.

"మూడో అంతస్తు పిలగాడా? వచ్చి రెండేండ్లాయె. పార్సిల్ వచ్చిందా అని తప్ప ఇంకో ముచ్చట అడగలే."

మేడమ్ అరవలేదు. వారం గడువిచ్చి, ఈసారి ఆ మనిషే చదివి సంతకం పెట్టాలంది.

నేనిక ఏఐ జోలికి పోలేదు. సెల్లార్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాను. ముందు ఏఐ సంగతంతా చెప్పి క్షమించమని అడిగాను. "నాయినకు చెప్పిన. గిట్ల ఉత్తగ సంపితే ఆయుష్షు పెరుగుతదని నవ్విండు," అన్నాడు. తర్వాత ఆయన చెప్పుకుంటూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. పది పేజీల్లో సొంతంగా కలిపింది ఒక్క వాక్యమే. ‘ఫ్లాట్లవాళ్ళందరూ ఆయన్ని ఇంటిమనిషిలా చూసుకుంటారు’ అని.

యాదగిరన్న కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివాడు. సరిగ్గా ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది.

"ఇది నేను చెప్పలే. ఇది గూడ ఆ ఏఐనే రాసిందా?"

ఏం చెయ్యను, తప్పు దాని మీదికే తోసేశాను.

"అవునన్నా, అదే."