నాలుగో కాలి కింది బిళ్ళ

బట్టలు ఆరేసుకునే గదిని మా ఆయన ఆక్రమించుకున్న రోజు నుంచీ నాకు ఆ మనిషి మీద మంటగానే ఉంది. ఇంటి వెనక వెలుతురు పడే గది అదొక్కటే. ఉతికే మిషను, తీగలు, ఇస్త్రీ బల్ల అన్నీ అందులోనే ఉండేవి. ఒక ఉదయం లేచి చూద్దును కదా, ఇస్త్రీ బల్ల వంటింట్లో ఉంది, ఉతికే మిషను స్నానాలగది గుమ్మానికి అడ్డంగా ఉంది. ఏమిటండీ ఈ వీరంగం అని అడిగితే, "లేతు మిషను వస్తోంది" అన్నారు, కూతురూ అల్లుడూ వస్తున్నారన్నంత తేలిగ్గా.

"రిటైరై ఏడాదైంది. ఇప్పుడు ఎవరికి చెక్కిపెట్టాలండీ ఇనప కడ్డీలు?"

"సరదాకే. మనవరాలికి ఇత్తడి బొంగరాలు చేస్తా."

మనవరాలికి ఇంకా పాకడమే రాలేదు. ఈయన అబద్ధం ఆడితే ఇలాగే ఉంటుంది, పొంతన ఉండదు. అలవాటు లేని పని కదా.

లారీ వచ్చింది. బరువులు దించే కళాసీలు నలుగురు, కింద ఇనప గొట్టాలు పరిచి, "హైలెస్సా" అనుకుంటూ ఆ మిషన్ని వెనక గదిలోకి దొర్లించుకొచ్చారు. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. మాసిపోయిన ఆకుపచ్చ రంగు, ముందు వైపున తెల్లరంగుతో పదిహేడు అని అంకె. ఫ్యాక్టరీవాళ్ళు ఒకసారి కుటుంబాలని పిలిచి లోపలంతా తిప్పి చూపించినప్పుడు, మా తమ్ముడు దాని మీద చెయ్యి వేసి "అక్కా, ఇదే నాది" అన్నాడు. వాడి ఉద్యోగం పోయింది కూడా దీని మీదే. పోగొట్టింది మా ఆయనే.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ఈయన సంగతి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో ఈయన లేతు నడిపే టర్నరుగా చేరి, తర్వాత కొలతల ఇన్‌స్పెక్టరయ్యారు. తయారైన ప్రతి వస్తువూ ఈయన బల్ల మీదికి రావాలి, ఈయన కొలవాలి, సరే అంటేనే బయటికి వెళ్ళాలి. వెనకాల అందరూ ఈయన్ని "వెంట్రుకవాసి" అని పిలిచేవాళ్ళు. అంత తేడా ఉన్నా అవతల పారేయిస్తారని. ఇంట్లోనూ అంతే. గోడ మీద ఫొటో ఒరిగితే ఆయన గొంతులో ముద్ద దిగదు. సబ్బు బిళ్ళని రెండు ముక్కలు చెయ్యమంటే స్కేలు తెచ్చుకుంటారు. మా తమ్ముణ్ణి ఫ్యాక్టరీలో చేర్పించిందీ ఈయనే, పక్కన నిలబడి లేతు పని నేర్పిందీ ఈయనే. "వాడి చేతిలో పనితనం ఉందే" అని నాతో మురిసిపోయేవారు, వాడి ముందు మాత్రం పెదవి విప్పేవారు కాదు.

తొమ్మిదేళ్ళ కిందట వాడు చెక్కిన నలభై షాఫ్టులు, మిషన్లలో తిరిగే ఇనప కడ్డీలు, ఈయన బల్ల దగ్గరే ఆగిపోయాయి. ఒక చివర కంటే ఇంకో చివర పిసరంత లావు. ఈయన కొలిచి, "టర్నరు అజాగ్రత్త" అని రాసి సంతకం పెట్టారు. వాణ్ణి తీసేశారు. అంతకు ముందే ఒకసారి వాడి వల్ల పని ఆలస్యమైందని ఎవరో పితూరీ చెప్పి ఉన్నారు, అదీ ఇదీ కలిసింది. ఆ రోజు నుంచీ వాడు లేతు ముట్టుకోలేదు. స్కూలు వ్యాను నడుపుకుంటున్నాడు. మా గుమ్మం తొక్కలేదు. రోడ్డు మీద కనిపిస్తే "బాగున్నావా అక్కా" అంటాడు, జవాబు వినేలోగా గేరు మారుస్తాడు. బావ మీద కోపం, ఎప్పటికి చల్లారుతుందో అనుకునేదాన్ని నేను. ఆ విషయమై మా ఆయనకీ నాకూ నెలకోసారైనా యుద్ధం జరిగేది.

కాబట్టి, ఆ మిషను మా ఇంట్లోకి బొంగరాల కోసం రాలేదని నాకు మొదటి నిమిషంలోనే అర్థమైంది.

"అసలు సంగతి చెప్పండి" అన్నాను.

"ఫ్యాక్టరీ వాళ్ళు పాత సామానంతా అమ్మేస్తున్నారు. ఇది తుక్కులోకి పోతే ఇంక తేలదు."

"ఏం తేలదు?"

"తప్పు వాడి చేతిదా, దీనిదా అని" అన్నారు. నా వైపు చూడలేదు.

అప్పుడే కళాసీల మేస్త్రి గడపారతో మిషన్ని ఒక పక్క ఎత్తాడు. ఈయన నేల మీద బోర్లా పడుకుని, టార్చి వేసి దాని కాళ్ళ కింద చూశారు. అరవయ్యేళ్ళ మనిషి, తెల్ల చొక్కాతో. లేచాక మొహంలో నెత్తురు లేదు. ఏమైందంటే చెప్పరు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకుని పెరడంతా తిరిగి, తాగకుండానే కిటికీలో పెట్టేశారు.

ఇక అక్కణ్ణుంచి మూడు వారాలు మా ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. ఆయనది కాలుగాలిన పిల్లి వాలకం. కూర్చోరు, కూర్చుంటే లేస్తారు, లేస్తే వెనక గదిలోకి, అక్కణ్ణుంచి వీధి గేటుకి, గేటు నుంచి మళ్ళీ గదిలోకి. నేల మీది పలకలు పగలగొట్టించి కాంక్రీటు పోయించారు. అది గట్టిపడేదాకా ఆగాలి కదా, ఆ నాలుగు రోజులూ పూటకి పదిసార్లు వెళ్ళి వేలితో నొక్కి చూశారు. "మీరు నొక్కితే తొందరగా ఆరుతుందా?" అన్నాను. ఇంకోసారి నొక్కి చూసి వచ్చారు.

తర్వాత మట్టం చూడటం మొదలైంది. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం కాదది. ఎవరినో బతిమాలి చెక్క పెట్టెలో తెచ్చుకున్నది. కింద కాగితం ముక్క పెట్టినా అందులో బుడగ పరిగెత్తేది. లేతుకి నాలుగు కాళ్ళు. ఒక్కో కాలి కిందా పల్చటి ఇనప బిళ్ళలు తోసి, మట్టం కుదిరాక బోల్టుతో నేలకి బిగించాలి. చెప్పడానికి మూడు ముక్కలే. ఇటు బిగిస్తే బుడగ అటు పోతుంది, అటు సరిచేస్తే ఇటొస్తుంది. నేను బకెట్టుతో ఆ గుమ్మం ముందు నుంచి వెళ్తే, "నడవకే! బుడగ కదిలింది!" అని అరుపు.

"నా ఇంట్లో నేను గాల్లో తేలుతూ తిరగాలా?"

"ఒక్క పది నిమిషాలే."

"మీ పది నిమిషాలకి పదిహేను రోజులు నిండాయి!"

అరుస్తున్నానే గాని, పని వంకతో నేనూ ఆ గది గుమ్మం చుట్టే తిరిగేదాన్ని. తప్పు మిషనుదని తేలితే, తమ్ముడి నోటి దగ్గర కూడు తీసింది నా మొగుడే. చేతిదని తేలితే, వాడిది తప్పు కాదేమోనని కొత్తగా పుట్టిన ఆ కాస్త ఆశా పోతుంది. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది. ఒకటి రెండుసార్లు ఆ మిషను తగలబడిపోతే బాగుండునని కూడా అనుకున్నాను, దేవుడు క్షమించాలి.

ఒక మధ్యాహ్నం చప్పుడు మొదలైంది. వెళ్ళి చూశాను. ఒక కడ్డీని బిగించి, దాని రెండు చివర్లా గాజుల్లాంటి కట్లు రెండు వదిలి, మధ్య భాగం తీసేశారు. ఇప్పుడు ఒకే కోతలో ఆ రెండు కట్లూ చెక్కాలట. రెండూ సమానంగా వస్తే మిషను తిన్నగా ఉన్నట్టు. చెక్కారు. మైక్రోమీటరుతో ఈ చివర కొలిచారు, ఆ చివర కొలిచారు, మళ్ళీ ఈ చివర.

"సమానం" అన్నారు.

"అంటే వాడి చెయ్యేనా అండీ?"

ఆయన పానా తీసుకుని, వెనక వైపు నాలుగో కాలి దగ్గర కూర్చుని, బోల్టు వదులు చేసి దాని కిందున్న బిళ్ళని లాగేశారు. మళ్ళీ బోల్టు బలంగా బిగించారు. మూడు వారాలు చచ్చీచెడీ కుదిర్చిన మట్టాన్ని చేజేతులా చెడగొడుతుంటే మతిపోయిందేమో అనుకున్నాను. మళ్ళీ చెక్కారు. మళ్ళీ కొలిచారు. ఈసారి ఒక చివర లావొచ్చింది.

అప్పుడు చెప్పారు. లారీ దిగిన రోజున మిషను కాళ్ళ కింద చూస్తే, మూడు కాళ్ళకే బిళ్ళలు అంటుకుని ఉన్నాయట, పాత రంగుతో సహా. నాలుగోది ఉత్త కాలు. ఆ షాఫ్టులు చెడిపోవడానికి వారం ముందే ఆ మిషన్ని పాత షెడ్డు నుంచి కొత్త షెడ్డుకి మార్చారు. మార్చినవాళ్ళు నాలుగో కాలి కింద బిళ్ళ వెయ్యకుండా బోల్టుతో నేలకి లాగి కట్టేశారు. దాంతో మిషను ఒళ్ళంతా మెలితిరిగింది. ఆ తర్వాత దాన్ని కదపలేదు, కొలత పట్టింపు లేని ముతక పనులకే వాడారు కనక ఎవరికీ పట్టలేదు.

"మీకు ఆ రోజు తెలీదు కదండీ" అన్నాను. ఆయన మీద మొదటిసారి జాలేసి అన్న మాట అది.

"తెలిసింది" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నలభై షాఫ్టులు. నలభైకీ ఒకే చివర లావు, ఒకే అంత లావు. చెయ్యి తప్పు చేస్తే ఒక్కోసారి ఒక్కోలా చేస్తుందే. నలభై సార్లు ఒకేలా చేసేది మిషనే. అది పదో షాఫ్టు కొలిచేటప్పుడే తోచింది నాకు. వెళ్ళి మట్టం చూద్దామని లేచాను కూడా."

"మరి?"

"బామ్మర్దిని కాయడానికి సాకులు వెతుకుతున్నాడంటారని కూర్చుండిపోయాను. పరాయివాడైతే వెళ్ళి చూసేవాణ్ణి."

నా నోరు ఎలాంటిదో మా వీధిలో అందరికీ తెలుసు. అప్పుడు దాన్ని దాచుకోలేదు. "మీ నిజాయితీ తగలెయ్యా! లోకం ఏమనుకుంటుందోనని సొంతవాడి గొంతు కోస్తారా? తొమ్మిదేళ్ళండీ, తొమ్మిదేళ్ళు!" అని ఇంకా ఏమేమో అన్నాను. గుర్తున్నవి రాయదగ్గవి కావు. ఆయన ఆ కడ్డీ పట్టుకుని నిలబడి అన్నీ విన్నారు.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఇద్దరం తమ్ముడి ఇంటికి వెళ్ళాం. వాడు లుంగీ ఎగగట్టి వ్యాను కడుగుతున్నాడు. బావని చూడగానే చేతిలో గొట్టం నీళ్ళు తన కాళ్ళ మీదే పోసుకున్నాడు.

"ఒరేయ్, నువ్వోసారి ఇంటికి రావాలి. పదిహేడో నంబరు నా దగ్గరుంది" అన్నారు ఈయన.

"నాతో ఏం పని బావా దానికి? నేనా పని మానేశాను."

"ఒక్క కోత. తర్వాత నీ ఇష్టం."

వాడు నా వైపు చూశాడు. రారా అన్నాను. వచ్చాడు. దారి పొడుగునా నేనే ఎండల గురించి, ధరల గురించి వాగుతూ వచ్చాను.

మిషను ముందు నిలబడ్డాక వాడు చాలాసేపు చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ఈయన బిళ్ళ వేసి, మట్టం కుదిర్చి, "కానీ" అన్నారు. వాడు చక్రం మీద చెయ్యి వేసి, తీసి, గుడ్డతో తుడుచుకుని మళ్ళీ వేశాడు. కోత మొదలయ్యాక ఇక తడబడలేదు. వాడే కొలిచాడు. సమానం. నమ్మక మళ్ళీ కొలిచాడు. ఈయన బిళ్ళ తీసేసి, బోల్టు బిగించి, "ఇప్పుడు చెక్కు" అన్నారు. వాడు చెక్కి, కొలిచి, కడ్డీ మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఈ చివరే" అన్నాడు. "ఆ రోజూ ఈ చివరే లావు."

"నీ చేతిలో ఏ లోపమూ లేదురా" అన్నారు ఈయన. జరిగిందంతా చెప్పారు, పదో షాఫ్టు దగ్గర లేచి మళ్ళీ కూర్చుండిపోయిన సంగతితో సహా, ఏదీ దాచలేదు. "నన్ను తిట్టు. కొట్టినా పడతాను. ఇన్నేళ్ళూ నా మీద కోపంతో గుమ్మం తొక్కలేదు నువ్వు. న్యాయమే."

తమ్ముడు వింతగా చూశాడు. "కోపమా? నీ మీద నాకు కోపమెందుకు బావా?"

"మరి ఎందుకు రాలేదురా?" అన్నాను నేను.

"ఏ మొహం పెట్టుకుని వస్తానక్కా? పని నేర్పిన మనిషి పరువు తీశాను కదా. బావ కొలిచాడంటే దానికి తిరుగేముంది? నా చెయ్యే చెడిపోయిందనుకున్నాను. అందుకే మళ్ళీ ఎక్కడా లేతు పని అడగలేదు."

మా ఆయన అక్కడే, కాంక్రీటు మీద కూలబడిపోయారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఏడవగా నేను చూడలేదు. మొహానికి నూనె గుడ్డ అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. తమ్ముడు వెళ్ళి ఆయన భుజం పట్టుకుని, "ఊరుకో బావా, ఊరుకో" అంటున్నాడు. ఎవరు ఎవర్ని ఊరుకోబెట్టాలో కూడా తెలియని గడియ అది.

కాసేపటికి వాడు నా వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు కూడా నా చెయ్యే అనుకున్నావా?"

ఇన్నేళ్ళూ నెలనెలా మా ఆయనతో నేను చేసిన యుద్ధమంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ప్రతిసారీ నేనన్నది ఒకటే మాట. సొంతవాడు చేసిన తప్పు కదా, కాస్త కప్పిపుచ్చితే మీ సొమ్మేం పోయేది అని. వాడు తప్పు చేసి ఉండడని ఒక్కసారి, పొరపాటున కూడా, అనలేదు.

అబద్ధం చెబుదామనిపించింది. వాడి కళ్ళలోకి చూశాక చెప్పలేకపోయాను.

"అనుకున్నానురా" అన్నాను.

వాడు తల ఊపాడు. "నేనే అనుకున్నాను కదక్కా" అన్నాడు, "ఇంక నిన్నేమంటాను?"