వెనక సీటు లేని కారు

మా ఆవిడ మోకాళ్లు బస్సు మెట్టెక్కడం మానేసిన రోజు నా డైరీలో ఉంది. మచిలీపట్నం బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కబోయి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కాసేపు ఆలోచించి, మళ్లీ దించేసింది. ఆటోలో ఇంటికొచ్చేశాం. ఆ తర్వాత పదకొండు నెలలపాటు దివిసీమలో ఉన్న తన అక్కను చూడలేదు. ఫోను ఉంది కదా అంటారు. మా వదినగారికి చెవుడు. ఆవిడకు వినపడాలంటే ఇటు అరవాలి, అటు స్పీకరు పెట్టాలి. అప్పుడు మా వీధీ వింటుంది, వాళ్ల వీధీ వింటుంది. అందుకని ఇద్దరూ వానల గురించి, కూరగాయల గురించి మాట్లాడుకుని పెట్టేసేవారు.

ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు నా ముందు పెట్టి అంది. "ఏమండీ, ఒక కారు కొందాం. మా అక్కతో కాసేపు కూర్చుని మాట్లాడుకుని రావాలి. అంతకంటే నాకేం వద్దు."

ఆ మాటను అన్నది అన్నట్టే డైరీలో రాశాను. కాలువల శాఖలో ముప్పై నాలుగేళ్లు లాకుల దగ్గర నీటిమట్టాలు రాసిన చెయ్యి ఇది. ఎవరేమన్నా ముందు రాసుకుంటుంది. ఆ తర్వాత కొత్త పేజీలో పట్టిక గీశాను. పైన "పని: అక్క ఇంటికి వెళ్లి రావడం" అని రాసి, కింద గడులు వేశాను. కూర్చోవడం, మాట్లాడుకోవడం పట్టికలోకి రాలేదు. వాటికి కొలత ఉండదనుకున్నాను.

పట్టికలో రెండు కార్లున్నాయి. మొదటిది మా ఊళ్లోనే, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక బ్యాంకు ఉద్యోగిది. పాత హ్యాచ్‌బ్యాక్. నాలుగు తలుపులు, వెనక పైకి లేచే డిక్కీ తలుపు, పెసరపప్పు రంగు. ఎక్కడైనా ఆపి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగితే ఏది మన కారో గుర్తుపట్టలేం. రెండోది గుడివాడలో ఒక చేపల చెరువుల ఆసామిది. చిన్న స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, ఎత్తు నా నడుము దాటదు. కంటి పరీక్షకు గుడివాడ వెళ్లినప్పుడు ఆయన ఇంటి ముందు చూశాను. వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చి మళ్లీ చూశాను. పట్టికలో దానికెందుకు చోటిచ్చావంటే, కారణాల గడిలో ఒకటే మాట ఉంది: ఎరుపు. ముప్పై నాలుగేళ్లు కాలువ గట్ల మీద సైకిలు తొక్కినవాడికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదనుకున్నాను.

రెండింటినీ ఒకే దారిలో, ఒకే పని మీద పరీక్షించాలని నియమం పెట్టుకున్నాను. మచిలీపట్నం నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వదినగారి ఊరు. ఎనిమిదింటికి బయల్దేరడం, తొమ్మిదిన్నరకు చేరడం.

మొదటి శనివారం హ్యాచ్‌బ్యాక్. మా ఆవిడ ముందు సీట్లో హాయిగా ఎక్కి కూర్చుంది. ఎత్తు సరిపోయింది, పది మార్కులు వేశాను. ఇంకా గేటు దాటలేదు, పక్కింటి బావగారు ఎదురొచ్చారు. బంధుత్వం ఏమీ లేదు, ముప్పై ఏళ్లుగా బావగారే. వెనక సీటు వంక చూసి, "ఖాళీగానే వెళ్తున్నారా?" అన్నారు. మా వైపు ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. ఖాళీ సీటు కారు గలవాడిది కాదు, దారిలో కనపడ్డవాళ్లది. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి మొక్కు ఎప్పటినుంచో ఉండిపోయిందంటూ ఆయన లోపలికెళ్లి పంచె మార్చుకుని, వాళ్లావిడతో సహా వచ్చారు. వాళ్లావిడకు వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతాయట. మా ఆవిడ దిగి వెనక్కి మారింది.

చల్లపల్లిలో టీ తాగడానికి ఆపడం నా పొరపాటు. మా ఆవిడ మేనత్త ఆడపడుచు అక్కడ బస్సు కోసం నిలబడి ఉంది. ఆవిడ చేతిలో అరటి గెల. మనిషి వెనక సీట్లోకి, గెల డిక్కీలోకి వెళ్లాయి. మోపిదేవిలో పుట్టలో పాలు పోసే వరస చాంతాడంత ఉంది. బావగారు బయటికొచ్చేసరికి పన్నెండు దాటింది. "మళ్లీ మా కోసం వెనక్కెందుకు లెండి, మీతోపాటే వచ్చి పోతాం" అన్నారు.

వదినగారింటికి ఐదుగురం, ఒక గెల చేరాం. ఆవిడ నలుగురి వంట చేసి పెట్టుకుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ వెంటనే వంటింట్లోకి వెళ్లి మళ్లీ ఎసరు పెట్టారు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు పూర్తిగా తెలుసు, ఎందుకంటే వదినగారికి వినపడేట్టు మా ఆవిడ అరిచిన ప్రతి మాటా వసారాలోకి వచ్చింది. "ఉప్పేశావా?" "పెరుగు ఎక్కడుంది?" "ఆవిడకి కారం పడదుట." నాలుగో మాట లేదు. వచ్చేటప్పుడు మా తోడల్లుడు డిక్కీలో కొబ్బరికాయలు, ఒక ధాన్యం బస్తా, రెండు గుమ్మడికాయలు సర్దారు. డిక్కీకి కూడా పది మార్కులు వేశాను.

ఇంటికొచ్చాక పట్టిక చూపించాను. హ్యాచ్‌బ్యాక్‌కు వందకి ఎనభై ఎనిమిది. మా ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "మా అక్కను చూశానంటారా నేను?" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది. ప్రయాణ బడలిక అని డైరీలో రాశాను.

రెండో శనివారం ఎర్ర కారు. ఆ ఆసామి తండ్రి పొలానికి నేను ఒకప్పుడు వంతు తప్పకుండా నీళ్లు వదిలానట, ఆ విశ్వాసంతో ఒక రోజుకు తాళాలిచ్చాడు. మా ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "దీన్లోకి ఎక్కాలా, దిగాలా?" అంది. నిజానికి దిగాలి. వెనక్కి తిరిగి, ఒంగి, దేవుణ్ణి తలుచుకుని వదిలేస్తే సీటు ఎక్కడో కింద దొరికింది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చున్నట్టుంది. కూర్చున్నాక బాగానే ఉందంది. పక్కింటి బావగారు వచ్చారు, అద్దంలోంచి లోపలికి చూశారు, వెనక సీటు కోసం కారు వెనక్కి వెళ్లారు, అటునుంచి ఇటు వచ్చారు. చివరికి వాళ్లింట్లోకి వెళ్లిపోయారు. చల్లపల్లిలో మేనత్త ఆడపడుచు మళ్లీ అక్కడే నిలబడి ఉంది. చెయ్యెత్తింది, కారును చూసి దించేసింది.

వరికోతల రోజులు. అవనిగడ్డ దాటాక రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోశారు. మిగతా కార్లు అంచు తొక్కి పోతున్నాయి. మాది అంచు తొక్కగానే పొట్ట ధాన్యాన్ని ఆనింది. బర్రుమని చప్పుడు చేస్తూ, ఒక పాయ తీసుకుంటూ వెళ్లాం. వెనకాల ఒక రైతు చీపురు పట్టుకుని నడుస్తూ వస్తున్నాడు. నేను ఆపితే ఆయన వంగి, కారు కిందనుంచి ఒక చేటెడు గింజలు ఊడ్చుకుని, "పర్లేదు మాస్టారూ, చదును బాగానే చేశారు" అని వెళ్లిపోయాడు. ఎత్తు గడిలో సున్నా వేశాను. అయినా తొమ్మిదిన్నరకు ఐదు నిమిషాల ముందే చేరాం.

చేరాక మా ఆవిడ దిగలేకపోయింది.

తలుపు తీశాను. ఒక కాలు బయటికొచ్చింది, రెండోది రాలేదు. నేను చెయ్యి పట్టుకు లాగితే నేనే లోపలికి వంగాను. మా తోడల్లుడు వచ్చి, కారు చుట్టూ చూసి, "బస్తా అయితే కొక్కెం వేసి లాగుతాం. మరదలు పిల్లకి ఏం వేయాలి?" అన్నారు. మా ఆవిడకు నవ్వొచ్చి, పట్టిన కాస్త పట్టూ జారిపోయి, మళ్లీ సీట్లో పడింది. ఇంతలో వదినగారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. చెల్లెలి మొహం వంక చూశారు. ఇవతలి తలుపు తీసి, స్టీరింగు ముందు సీట్లోకి తనూ అలాగే వెనక్కి పడిపోయారు. చెల్లెలు చెయ్యి చాచి ఆవిడ పక్క తలుపు వేయించింది, తన తలుపు వేసుకుంది. ఏసీ ఆగకుండా ఇంజను నడవనివ్వమని నాకు సైగ చేసింది. రెండు అద్దాలూ పైకి వెళ్లిపోయాయి.

నేను అరుగు మీద కుర్చీ వేసుకుని టైము రాసుకున్నాను. తొమ్మిదీ నలభై.

అద్దాల వెనక మా ఆవిడ నోరు కదలడం కనపడుతూనే ఉంది. మెడనరాలు చూస్తే గట్టిగానే అరుస్తోంది. బయటికి ఒక్క మాట రావడం లేదు. వదినగారు తలూపుతున్నారు, చేతులు తిప్పుతున్నారు, ఒకసారి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి ఇద్దరూ ఊగిపోతూ నవ్వారు, కారు కూడా ఊగింది. ఇరుగుపొరుగు వచ్చారు. కారులో వినబడని ఆడవాళ్ల మాటలు వినడానికి ఎవరూ ఎంతోసేపు నిలబడరని ఆ రోజు తెలిసింది. పదకొండింటికి మజ్జిగ తీసుకెళ్లాను. అద్దం గ్లాసు పట్టేంత దిగి, తీసుకుని, మూసుకుంది. ఒంటిగంటకు మా తోడల్లుడూ నేనూ వడ్డించుకుని, రెండు పళ్లాలు అలాగే లోపలికి అందించాం.

"వాళ్లమ్మ పోయాక వీళ్లిద్దరూ ఇట్లా కూర్చోవడం ఇదే" అన్నారాయన, చెయ్యి కడుక్కుంటూ.

ఎనిమిదేళ్లయింది ఆవిడ పోయి. ఆ రోజు కూడా ఇల్లు నిండా జనమే. నాకు అప్పుడు డైరీ గుర్తొచ్చింది. సంచిలోంచి తీసి, పట్టిక కాదు, దాని ముందు పేజీ చదివాను. మా అక్కతో కాసేపు కూర్చుని మాట్లాడుకుని రావాలి. నా చేతిరాతే. ముప్పై నాలుగేళ్లు నీటిమట్టాలు సరిగ్గా రాశాననుకున్నాను. ఏ నీళ్లు ఎవరికి కావాలో ఎన్నిసార్లు రాయడం మానేశానో తెలియదు.

రెండున్నరకు ఇద్దరినీ బయటికి తీశాం. నడుము చుట్టూ తువాలు వేసి, మా తోడల్లుడు ఒక కొస, నేను ఒక కొస. ముందు మా ఆవిడ, తర్వాత వదినగారు. వదినగారు నిలబడి, నడుము సవరించుకుని, కారు తలుపు మీద చెయ్యి వేసి, "మంచి గది" అన్నారు.

ఎర్ర కారుకు పట్టికలో పంతొమ్మిది మార్కులు వచ్చాయి. దాన్నే కొన్నాం. అది ఎంత వేగం వెళ్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు శనివారాలకొకసారి ధాన్యం లేని వైపుగా, స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా, నెమ్మదిగా తీసుకెళ్తాను. డిక్కీలో ఒక తువాలు, ఒక చిన్న చెక్కపీట ఉంటాయి. ఇంకేమీ పట్టదు. ఊరు చేరగానే, కోరి కొనుక్కున్న సీటును వదినగారికి ఇచ్చేసి, నేను అరుగు మీదకి వెళ్తాను.

పోయిన శనివారం నాలుగైనా వాళ్లు కదల్లేదు. పొద్దు వాలుతోంది, చీకటి పడితే దారిలో ధాన్యం కుప్పలు కనపడవని, వెళ్లి అద్దం మీద తట్టాను. అద్దం రెండు వేళ్ల మేర దిగింది. "ఇంకాస్సేపండీ" అంది మా ఆవిడ. అద్దం పైకి వెళ్లింది. నేను మళ్లీ అరుగు మీదకి వచ్చి, ఆ టైము కూడా రాసుకున్నాను.