చెయినుకు పోసిన బోండాల నూనె

మా మనవరాలి చదువు ఆరో తరగతిలోనే ఆగిపోవాల్సింది. ఆగలేదు. అందుకు కారణమైన వాళ్ళను ఒకసారి తలుచుకుందామని ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి వరకే. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు.

తొంభైల నడుమ మాట. అనంతపురం పక్కనుంచి కట్టడం పనులకు రాష్ట్రం దాటి వచ్చి కె.ఆర్.పురం రైలు స్టేషను వెనక ఇల్లు చేసుకున్నాం. దగ్గరి బడిలో ఐదో తరగతి వరకే ఉండేది. ఆరుకు చెరువు అవతలి ఊరికి పోవాలి. పాత మద్రాసు రోడ్డు మీద పోదామంటే ఒకటే లారీలు. బస్సేమో నిండిపోయి వచ్చేది, చెయ్యి ఎత్తినా ఆపేవాళ్ళు కాదు. ఆ బడిలో రెండో గంట కొట్టాక గేటు మూసేస్తారు. పిల్లను అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి పంపితే రిజిస్టరులో పేరు కొట్టేస్తామని పెద్ద టీచరు చెప్పింది.

మా కొడుకు గోడలు కట్టే మేస్త్రీ. పొద్దున్నే పనికి పోవాలి. కోడలు అంతకంటే ముందే గార్మెంట్స్‌కు పోయేది.

"ఇంకొక్క తూరి పంపించేసిరంటే చాలుమా, ఇంట్లో ఉండి తమ్ముణ్ణి చూసుకోనీ. నేను పని ఇడిసిపెట్టి దీని యెనక తిరిగేదానికి అయితాదా?" అన్నాడు.

వాడు చెడ్డవాడు కాడు. కానీ మా నాయన నన్ను మూడో తరగతిలో బడి మాన్పించినప్పుడు కూడా ఇట్లాంటి మాటే అన్నాడు. అది నాకు గుర్తుంది.

రోడ్డు కాకుండా ఇంకొక దారి ఉంది. పై చెరువు నీళ్ళు మా చెరువుకు వచ్చే కాలువ గట్టు. గరుసు రాళ్ళు పరిచిన బాట. దాని మీద బండ్లు తిరగవు. నడిస్తే చాలాసేపు పడుతుంది, సైకిలైతే బెల్లు వేళకు చేరొచ్చు. మా ఆయన సైకిలు గోడకు ఆనించి ఉంది. ఆయనకు ఎడమకాలు పడిపోయి రెండేళ్ళయింది.

"నేను నేర్చుకుంటాను," అన్నాను. అప్పటికి నాకు యాభై దాటాయి.

"నువ్వు సైకిలు తొక్కితే చూసేదానికి టికెట్టు పెట్టొచ్చుమా!" అని కొడుకు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. మర్నాడు తన సైకిలును అంగడికి పంపించి, దానికి మారుగా మధ్యలో కడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు తెప్పించాడు. పాతదే, తుప్పు పట్టింది. ఇక తాను ఎప్పటికీ తొక్కలేనని ఆయన ఒప్పుకున్నది ఆ రోజేనని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది. ఆ వేళ మాత్రం, మంచి సైకిలిచ్చి పాతది తెచ్చాడని గొడవపడ్డాను.

నాట్లకు దిగినట్టు చీర గోచి పోసి కట్టుకుని గట్టు మీదే నేర్చుకున్నాను. ఆయన తూము రాతి మీద కర్ర పట్టుకుని కూర్చునేవాడు.

"మే, చక్రాన్ని చూడాకు! ఆ కనకాంబరాల తోట చూడు."

"తోట చూస్తే కాలవలో పడతానే!"

"పడు. మోకాల్లోతే ఉండాది."

పడ్డాను కూడా, రెండుసార్లు. తర్వాత వచ్చింది. పిల్లను వెనక కూర్చోబెట్టుకుని ఆ గట్టు మీద పోతుంటే చక్రాల కింద గరుసు మూకుడులో శనగలు వేగినట్టు చప్పుడు చేసేది. ఒక పక్క రాగి చేలు, ఒక పక్క నీళ్ళల్లో కొంగలు. వెనక పిల్ల ఎక్కాలు చెప్పేది. తప్పు చెబితే సైకిలు ఆపేదాన్ని. నా బతుకులో పని కోసం కాకుండా ఊరికే సంతోషంగా ఉన్న వేళ ఏదంటే, పిల్లను దించేసి ఒక్కదాన్నే తిరిగి వచ్చే ఆ కాస్సేపే. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకో పని పెడతారు.

ఆ బాటలో నాకు పడనిది ఒకామె మాత్రమే. గట్టు పక్కన ఆమెకు చేను, పంట నూర్చుకునే కళం ఉండేవి. సంక్రాంతి అయ్యాక ఉలవ చెట్లు కోసి బాటకు అడ్డంగా పరిచేది. తారు రోడ్డు పక్క రైతులు అట్లానే పరిచి లారీల కింద నూర్పించుకుంటారు. ఇక్కడ లారీలు లేవు, నా సైకిలు ఒకటే ఉంది.

"ఇది బాటనా, నీ కళమా?" అని అడిగాను.

"సుమ్మనే తొక్కుకుంటా పోక్కా. నీ చక్రం పోతే నాకు అంత గింజ రాలతాది కదా!"

"నీ కూలిదాన్నా నేను?"

"మీరొచ్చింది నిన్నా మొన్నా. నేను పుట్టిందే ఈ గట్టు మీద."

ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆమె ఉలవల దగ్గర దిగి, సైకిలు పక్కనుంచి నడిపించుకుని పోయేదాన్ని. ఆమెకు ఒక్క గింజ కూడా రాల్చకూడదని.

ఇంతలో చెయిను కిర్రుమనడం మొదలుపెట్టింది. మిషను నూనె తెప్పించమన్నాడు ఆయన. పండక్కి బోండాలు వేసిన నూనె ఇంట్లో మిగిలి ఉంది. రెండుసార్లు కాగింది, వంటకు పనికిరాదు, పారబోయడానికి నాకు మనసు రాదు. నూనె నూనే కదా అని చెయినంతా తడిసేట్టు పోశాను.

"చెయినేమన్నా కూడు తింటాదా మే?" అన్నాడు ఆయన.

రెండు రోజులు వెన్నలాగా నడిచింది. తర్వాత దుమ్ము అంటుకుంది. చీమలు పట్టాయి. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మంచు కురిసే ఒక పొద్దున ఆలస్యమైంది. దిగి నడిపించే వ్యవధి లేక ఉలవల మీదనే తొక్కాను. నడిమధ్యకు వచ్చేసరికి పెడలు బిగుసుకుపోయింది. చూస్తే జిగట పట్టిన చెయినుకు ఉలవ తీగలు జడ అల్లినట్టు చుట్టుకుని ఉన్నాయి. చేతులతో పీకాను. చెయిను ఊడి వచ్చింది. అప్పుడే బడిలో మొదటి గంట వినిపించింది.

"అవ్వా, ఈ పొద్దు పోకపోతే మూడోది," అంది పిల్ల. ఏడవలేదు. ఏడ్చి ఉంటే కసురుకునేదాన్ని, నాకు బాగుండేది.

కొడవలి పట్టుకుని ఆమె వచ్చింది. వంగి చెయిను వాసన చూసింది.

"ఏమక్కా, బోండాల నూనె పోసిండావా? నా ఎద్దులొచ్చి నాకుతాయి చూడు!"

ఆమె పిల్ల ముఖం చూసింది. "రెండో గంట కొట్టేస్తారా పాపా?" అని అడిగింది. పిల్ల తల ఊపింది.

"సైకిలు ఈడ్నే ఉండనీ. నా చేన్లో అడ్డం పడి పోండి. బడి వెనక గోడకాడికే పోయి తేల్తారు." అంటూ తన చేను చుట్టూ వేసుకున్న ముళ్ళ కంపను కొడవలితో పక్కకు లాగింది. ఆ కంప దాటి మేక పోయినా ఊరుకునేది కాదు ఆమె.

పిల్ల చెయ్యి పట్టుకుని పరుగెత్తాను. కోసిన మోళ్ళు కాళ్ళకు గుచ్చుకున్నాయి. గోడ చుట్టి ముందుకు వచ్చేసరికి గేటు కాపలా ఆయన ఒక చేత్తో గంట కొడుతూ రెండో చేత్తో గేటు లాగుతున్నాడు. పిల్ల ఆ సందులోంచి లోపల పడింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఊపిరి ఆడే వరకూ కదల్లేదు.

తిరిగి వచ్చేసరికి నా సైకిలు తలకిందులుగా ఉంది. ఆమె తన లాంతరులోని కిరసనాయిలు వంచి, కొబ్బరి పీచుతో చెయిను తోముతోంది.

"పిడికెడు ఉలవలు రాలినాయక్కా నీ చెయిన్లోంచి. అవి నావి," అంది తల ఎత్తకుండా.

మంచిమాట చెప్పడం నాకు అలవాటు లేదు. ఆమె పక్కన కూర్చుని పీచు అందుకున్నాను. "రేపట్నుంచి దిగనులే. నీ ఉలవల మీదనే తొక్కుతా," అన్నాను.

"పోయేటప్పుడొక తూరి, వచ్చేటప్పుడొక తూరి," అంది ఆమె.

ఆ సాయంత్రం ఆయన చెయిను ముట్టుకుని చూశాడు. కిరసనాయిలు వాసన ఆయనకు తెలియకుండా ఉంటుందా? మర్నాడు మిషను నూనె సీసా తెచ్చి నా వంటింటి గూట్లో పెట్టాడు.

ఉలవలు అయిపోయేదాకా పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తొక్కాను. ఎనిమిదో తరగతి నుంచి సైకిలు మనవరాలి చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ కాలువకు రెండు పక్కలా సిమెంటు గోడలు లేచాయి, చేను ఇళ్ళ స్థలాలైంది. అయినా అది నన్ను బాధ పెట్టే జ్ఞాపకం కాదు.

పదో తరగతి పాసైన సంగతి తెలిసిన రోజు పిల్ల గట్టు మీదనే ఇంటికి వచ్చింది. చాలా ఆలస్యంగా వచ్చింది. ఎక్కడున్నావని గద్దించాను. కళం దగ్గర దిగి, ముందు ఆమెకు చెప్పి వచ్చానంది.

నాకు కోపం రాలేదు.