కాదనడం నేర్పిన సారు

సారు పోయినాడని మా మనవరాలు చెప్పినప్పుడు నేను ఎనుముకు కుడితి పెడతాండాను. పాప ఫోను చేతిలో పట్టుకొని గడప కాడ నిలబడింది. "తాతా, మన సారు..." అనింది. ఫోను నా తట్టు తిప్పింది. బడి గ్రూపులో ఎవరో దండ వేసిన ఫోటో పెట్టినారు. ఆదోనిలో ఇంట్లోనే, పొద్దున కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగిపోయిందంట. ఎనుము తాగతానే ఉంది. నేను దాని మెడ నిమురుతా అట్లే నిలబడినాను.

నేను రాసేవాణ్ణి కాదు. మా ఊరి బడిలో ఐదో తరగతి చదివినాను, ఆ పైన కూలిపని. మాట్లాడేదీ తక్కువే. అయినా సారును గురించి నాలుగు మాటలు రాయకుంటే లోపల ఊరుకోనీయడం లేదు. తప్పులుంటే ఓర్చుకోండి.

మా ఊరు ఎమ్మిగనూరుకూ గోనెగండ్లకూ నడుమ. పత్తి అయిపోతానే సగం ఊరు గుంటూరు పక్కకు మిరపకాయలు కోయను పోతాది. సుగ్గికి పోయేది అంటాం. నా కొడుకూ కోడలూ పోతారు. అమ్మానాయన వెంబడి పోయిన పిల్లోళ్లు తిరిగొచ్చేసరికి ఏ పాఠం అయిందో, ఏ పరీక్ష ఎప్పుడో తెలియదు. సిగ్గుపడి బడి తట్టు పోరు. అట్లా మానుకున్నోళ్లు మా వీధిలోనే చానామంది.

సారు ఇంగ్లీషు చెప్పేవాడు. ఆదోని నుంచి బస్సులో ఎమ్మిగనూరుకు, ఆడినుంచి ఆటోలో మా ఊరికి. వచ్చిన మొదటి ఏడే ప్రతి పిల్లకూ ఒక మెయిలు తెరిపించినాడు. ఫోనులో అందరికీ కలిపి ఒక క్యాలెండరు పెట్టినాడు. పరీక్షలు ఎరుపు, ఇంటిపని నీలం. ఇంగ్లీషే కాదు, లెక్కలైనా సరే, పాఠం అయిన పొద్దే మెయిలు పోయేది. గుంటూరు పక్క చేను గట్టు మీద కూర్చొని పిల్లోళ్లు లెక్కలు చేసి, ఫోటో తీసి తిరిగి పంపేవాళ్లు. కాగితం మీద మిరపకాయ మరకలు ఫోటోలో కూడా కనిపిస్తాండె. సారు వాటిని నాకు చూపించి, "చూడు పెద్దాయనా, ఈ లెక్క ఘాటుగా ఉంది" అని నవ్వేవాడు.

క్యాలెండరులో పసుపు రంగు మాత్రం మాకోసం. పత్తి ఏరే రోజు, కొళాయికి నీళ్లొచ్చే రోజు, పీర్ల పండగ, క్రిస్మస్, ఏదైనా సరే పిల్లలతో పెట్టియ్యమనేవాడు. ఆ పొద్దులు తప్పించి పరీక్షలు పెట్టేవాడు. ఆయనది మంత్రాలయం కాడి పూజార్ల ఇల్లు. ఆయన ఏకాదశి ఉపవాసాలు కూడా పసుపులోనే ఉండేవి. "ఈ పొద్దు ఏకాదశి రా, సారుకు కోపపడే శక్తి ఉండదు" అని పిల్లోళ్లు ఇంటిపని ఎగ్గొట్టబోతే, "నాకు ఆకలి ఉంది గానీ కండ్లు బాగానే ఉన్నాయి, తీయండి పుస్తకాలు" అనేవాడట.

"తేదీలు మోసేది ఫోనుకు ఇయ్యండి, చదివేది మీరు పెట్టుకోండి" అనేది ఆయన మాట.

ఇంటి పెద్దలకూ మెయిలు తెరిపించినాడు. నా కొడుకు ఊర్లో ఉండడు కాబట్టి నా పేరుతో ఒకటి. మా ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అందులో పాప మెయిలు, నా మెయిలు. ఒకసారి పెద్దల మీటింగుకు పిలుపు వచ్చింది. కింద మూడు మాటలు: అవును, కాదు, బహుశా. వస్తే అవును నొక్కాల. ఊరంతా అవును నొక్కింది. నేనూ నొక్కినాను.

ఆ సాయంత్రం పోతే సారు ఒక్కడే ఉన్నాడు. బెంచీ మీద పెద్ద ఫ్లాస్కు, కాగితం కప్పులు, రెండు పొట్లాల బిస్కెట్లు.

"మీరొక్కరేనా పెద్దాయనా? అందరూ అవును అన్నారే!"

నేను బెంచీ చివర కూర్చున్నాను. ఉన్నమాట చెప్పినాను: "సారూ, అయ్యవారు పిలిస్తే కాదు అని ఎట్లా నొక్కేది? మర్యాద కాదు కదా. అందుకని నొక్కింటారు."

సారు నా తట్టు చూసినాడు. పెద్దగా నవ్వినాడు. ఇద్దరం చల్లారిన టీ తాగినాం. "మరి మీరెందుకొచ్చినారు?" అన్నాడు. "నొక్కినా కదా సారూ" అన్నాను.

మరుసటి వారం ఆయన ఇల్లిల్లూ తిరిగినాడు. "అప్పా, కాదు అని నొక్కండి. నాకేం కోపం రాదు. మీరు కాదంటేనే నాకు దారి తెలుస్తాది. రాలేరని తెలిస్తే నేనే మీ ఇంటికి వస్తా." మా పక్కింటాయన అడిగినాడు: "బహుశా అంటే ఏంది సార్?" "కుదిరితే వస్తా, లేకుంటే లేదు అని." "అట్లయితే మా ఊరు ఊరంతా అదే నొక్కాల సార్!" అందరూ నవ్వినారు. ఆ పొద్దు నుంచి మా ఊరోళ్లు నిజం నొక్కడం నేర్చుకున్నారు. కాదన్నోళ్ల ఇంటికి సారు నిజంగానే పోయేవాడు.

పాప పదో తరగతికి వచ్చిన ఏడు, సుగ్గికి కూలోళ్లను తోలుకొనిపోయే మేస్త్రీ మా ఇంటికి వచ్చినాడు. బండి వీధిలో ఆపి ఉంది.

"అన్నా, పాపను పంపు. ఆడ చేతులు తక్కువున్నాయి. నీ కొడుకును కూడా అడిగినా, సరేనన్నాడు. పరీక్షలకు నేనే తెచ్చి దింపుతా."

నా బతుకులో నేను ఎవరినీ కాదన్నోణ్ణి కాదు. ఇచ్చిన కూలి తీసుకున్నాను, చెప్పిన పని చేసినాను. పాప గోడకు ఆనుకొని నా తట్టే చూస్తాంది. ఫోను క్యాలెండరులో రేపటి మీద పరీక్ష ఎర్ర గుర్తు ఉంది.

"కాదు" అన్నాను.

"ఏంది?"

"కాదు. పంపను."

మేస్త్రీ నవ్వినాడు. "ఏందన్నా, ఎప్పుడూ నోరు తెరవనోడివి, ఈ పొద్దు యాడనుంచి వచ్చింది నీకు ఈ మాట?" అని బండెక్కి పోయినాడు. కొడుకు ఫోను చేసి అరిచినాడు. విన్నాను. పాప ఊర్లోనే ఉండింది.

సంగతి సారుకు చెప్తే అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కష్టమయిందా పెద్దాయనా?"

"పత్తి మూట ఎత్తినట్టుండె సారూ."

"నాకూ అంతే. ఊరందరికీ చెప్తా గానీ, మా ఇంట్లో ఇప్పటికీ ఒక్క మాట కాదనలేను" అన్నాడు. ఆ పొద్దు ఆయన నాకు సారుగా కనపడలేదు, నాలాంటోడు ఇంకొకడు కనపడినాడు.

పాప పాసయింది. ఇంటర్లో చేర్పించాల. కాలేజీ ఆఫీసులో మాట్లాడాలంటే నాకు భయమని సారుకు తెలుసు. నేను అడగలేదు. ఆయనే పిలుపు పంపినాడు. పసుపు రంగులో ఉంది. "పాపను కాలేజీలో చేర్పించే రోజు. ఎమ్మిగనూరు బస్టాండు, పొద్దున." కింద మూడు పేర్లు, సారుది, పాపది, నాది. పంపిన మరుసటి వారమే ఆయన పోయినాడు.

ఇంక మా ఊరి బడికి వేరే సారు వస్తాడు. మంచోడే అయింటాడు. అయినా పొద్దున పూట ఆటో సప్పుడు వింటే తల ఎత్తి చూస్తాను. చల్లారిన టీ తాగితే ఆయన నవ్వు వినపడతాది.

నిన్న పాప ఆ పిలుపు తీసి నాకు చూపించింది. సారు పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది. వస్తాడని. పాప పేరు పక్కన కూడా ఉంది. నా పేరు పక్కన మాత్రం ఏమీ లేదు.

"ఏం నొక్కేది తాతా?" అనింది.

నేనే నొక్కినాను. అవును అని.

ఆ పొద్దు పోతాం. ఆఫీసులో నేనే మాట్లాడతాను, ఎట్లో ఒకట్ల. దానికి ముందర బస్టాండులో కాసేపు నిలబడతాం. ఆదోని బస్సు వచ్చి, అందరూ దిగి, అది ఖాళీ అయ్యేదాకా.