జారింది నేను కాదు

ఏడో నెల. పొద్దున చేపల తట్ట ఎత్తుకుందామని వంగితే కడుపు రాయిలా బిగుసుకుపోయింది. పురిటినొప్పి వస్తుంది, పోతుంది. ఇది వచ్చింది, పోలేదు. బిడ్డ కదలడం లేదు. కాసేపటికి చీర తడిసింది. చూస్తే నెత్తురు.

ముందు రోజు సాయంత్రం నా మొగుడు పొట్ట మీద తన్నాడు. ఎందుకు తన్నాడో రాయను. రాస్తే అదో కారణంలా కనిపిస్తుంది.

మాది యారాడ, కొండ అవతల సముద్రం ఒడ్డున రాళ్ళ మధ్య పల్లె. డెబ్బైల చివరి మాట ఇది. డోలీ కట్టి కొండ దాటించి పట్నంలో ఆసుపత్రిలో చేర్చారు. అంతకుముందే నాకు రెండు కడుపులు పోయాయి. రెండుసార్లూ డి అండ్ సి అని లోపల శుభ్రం చేసి, "గర్భసంచి వీక్" అని టానిక్కు రాశారు. రెండుసార్లూ మా అత్త చెప్పింది ఒకటే మాట, జారింది అని. మనిషి పడినా జారిందంటారు, కడుపు పోయినా జారిందంటారు. జారింది ఏదని ఎవరూ అడగలేదు.

ఈసారి ఒక లేడీ డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఎలా అయింది?" అంది.

"రాళ్ళ మీద జారి పడిపోనాది డాక్టరమ్మా," అంది అత్త.

"ఎబ్రప్షన్. మాయ ముందే ఊడింది. బీపీ పడిపోతోంది, బ్లడ్ ఎక్కించాలి," అని డాక్టరు నర్సుకి చెప్పింది.

మగబిడ్డ. ఏడవలేదు.

తర్వాత జ్వరం పట్టుకుంది. ఇన్‌ఫెక్షన్ అన్నారు. ఇంజెక్షన్లు పొడిచిన చోటల్లా గడ్డలు కట్టాయి. లేచి కూచుంటే కళ్ళు చీకట్లు కమ్మేవి.

పక్క మంచం మీద పాతపట్నం సాయిబుల అమ్మాయి, జుబేదా. ఆమెకూ కడుపు పోయింది.

"నీకేటయినాదే?" అని అడిగాను.

"మెట్ల మీంచి పడిపోనానక్కా."

"మీది మేడా?"

"పాక. మెట్లు నేవు," అంది. "మరి నువ్వో?"

"రాళ్ళ మీద జారినాను."

"యారాడోళ్ళు కూడా రాళ్ళ మీద జారతారేటి? ఇంకా నయం, సముద్రంలో దారి తప్పినానన్నావు కాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే పొట్ట లాగేసింది. నవ్వుతూనే ఏడ్చాం.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరు, "ఇంటికెళ్ళాక జాగ్రత్త. జారే చోట నడవకు," అంది. అత్త పక్కనే ఉంది.

"నాను జారనేదు," అన్నాను. "మా ఆయన పొట్ట మీద తన్నినాడు. ముందు రెండూ కూడా అలాగే పోనాయి."

"నోర్ముయ్యే. మొగుడి పరువు తీత్తావా?" అంది అత్త.

డాక్టరు ఆమెను బయటికి పంపి, స్టూలు లాక్కుని నా దగ్గర కూచుంది. "అయితే లేని జబ్బుకి మందిచ్చాం ఇన్నాళ్ళూ," అంది. తర్వాత, "ఇంకోసారి ఇలా వస్తే నిన్ను బతికించలేకపోవచ్చు," అంది.

డిశ్చార్జి రోజు నా మొగుడు వచ్చి, "పద," అన్నాడు.

"రాను. పెందుర్తిలో సెల్లి కాడికి పోతాను."

"అక్కడ సముద్రం ఉందేటి? ఏటమ్ముకు బతుకుతావ్?"

"ఎండుసేపలకి సముద్రం ఎందుకు?"

ఒంట్లోకి నెత్తురు పట్టడానికి చాలా నెలలు ఐరన్ మాత్రలు మింగాను. పొత్తికడుపు నొప్పి తగ్గలేదని చూపించుకుంటే, ఇన్‌ఫెక్షన్‌కి గర్భసంచి ట్యూబులు పాడయ్యాయి, ఇక కడుపు రాదన్నారు. మారుమనువు చేసుకోమన్నారు మావాళ్ళు. చేసుకోలేదు. నాకు పిల్లలు లేరు. నేనున్నాను.

ఇప్పుడు ముసలిదాన్ని. ఎండుచేపలే అమ్ముతాను. తల నెరిశాక అక్షరాలు దిద్దాను కాబట్టి ఇది నా చేత్తోనే రాస్తున్నాను.

చదివేవాళ్ళకి ఒకటే చెబుతాను. ఆసుపత్రికి వెళ్తే దెబ్బ ఎక్కడ తగిలిందో, దేనితో తగిలిందో డాక్టరుకి చెప్పండి. ఎవరు కొట్టారో చెప్పడానికి నోరు రాకపోతే ఆ మాట రేపు చెప్పొచ్చు. దెబ్బ సంగతి మాత్రం ఆ పూటే చెప్పండి. వైద్యం దాన్ని బట్టే చేస్తారు.