మునిరత్నాన్ని మగ్గంలోకి దించి వచ్చాము

శనివారం ఉదయం ఆరుంబావుకు తిరుపతిలో కాట్పాడి పాసింజరు ఎక్కాం, నేనూ మా చర్చి సంఘపెద్ద దానియేలు గారూ. ఎందుకు బయలుదేరామో ముందే చెప్పేస్తాను. లేకపోతే మేమేదో ఘనకార్యానికి వెళ్ళామని మీరనుకుంటారు.

నాలుగేళ్ళ కిందట నా భార్యకు వేలూరు ఆసుపత్రిలో వెన్నుకు ఆపరేషన్ జరిగింది. పక్క మంచంలో ఒక ముసలామె, ఆమెకు తోడుగా కొడుకు మునిరత్నం. గుడియాత్తంలో లుంగీలు నేసే మనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నాకేమో నడుం నొప్పి, పైగా అరవం ఒక్క ముక్క రాదు. "అక్కా, నా మెడ పట్టుకో" అంటూ పందొమ్మిది రోజులు నా భార్యను మంచం మీంచి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టిందీ, మళ్ళీ పడుకోబెట్టిందీ అతనే. నేను అడిగింది లేదు, అతను విసుక్కున్నదీ లేదు. వచ్చేసేటప్పుడు "ఏ అవసరమొచ్చినా కబురు చెయ్యప్పా" అని పెద్ద మాట అనేసి వచ్చాను.

కబురు రానే వచ్చింది. చక్కెర జబ్బుతో అతని ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారట. అతనిది గుంటమగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించుకుని కూర్చుని, కింద కర్రలు తొక్కుతూ నేయాలి. ఒంటికాలితో నేయగలడు గానీ, పొద్దున గుంటలోకి దించడానికీ మళ్ళీ పైకి తీయడానికీ మనిషి కావాలి. తనంతట తాను లేవబోయి ఒకసారి పడి కుట్లు ఊడగొట్టుకున్నాడు. అన్నాళ్ళూ దించిన బావమరిది పనికని బెంగుళూరు వెళ్ళిపోయాడు. భార్య గోవిందమ్మ అగ్గిపెట్టెల కంపెనీకి పొద్దున పోతే సాయంత్రం ఏడుకు వస్తుంది. మగ్గానికి ఎక్కించిన పడుగు నూలు నెలాఖరుకు నేసి ఇవ్వకపోతే, నూలిచ్చిన యజమాని దాన్ని ఊడదీసి వేరే ఇంటికి ఇచ్చేస్తాడు. ఇక ఆ మగ్గానికి పని ఉండదు.

"నాకేం ఇయ్యద్దన్నా, మనిషి కావాల" అన్నాడు ఫోనులో. "నువ్వు రిటైరైనావు గదా. ఒక్క నెల వచ్చి ఉండు. మా ఇంట్లోనే తిందువు. అంతలో ఎవరన్నా దొరుకుతారు."

చూస్తానప్పా, నడుం నొప్పి కదా అన్నాను. విషయం సంఘంలో పెట్టాను. సంఘం ప్రార్థన చేసి చక్రాల కుర్చీ ఇవ్వాలని తీర్మానించింది. అతను అడిగింది అది కాదని నేను చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కుర్చీ ఇచ్చేస్తే నేను పోయి ఉండనక్కర్లేదని నాకు లోలోపల హాయిగానే ఉండింది. శనివారం వస్తున్నామని మాత్రం అతనికి ఫోను చేశాను.

పాకాలలో ఇడ్లీ కొన్నాం, చట్నీ పులిసిపోయింది. దానియేలు గారు దారి పొడుగునా మర్నాటి ప్రసంగం రాసుకుంటూ నాకు వినిపించారు. "దేవుని ప్రేమ విడువని ప్రేమ బ్రదర్. కష్టంలో ఉన్నవాణ్ణి సగంలో వదిలిపెట్టి పోదు." బాగుందండీ అన్నాను.

తొమ్మిదీ నలభైకి కాట్పాడి. టౌను బస్సులో వేలూరు వెళ్ళి, ఆసుపత్రి దగ్గర వీధిలో కుర్చీ కొని, పదకొండున్నరకు గుడియాత్తం బస్సెక్కాం. ఎవరైనా వెళ్ళదలిస్తే బస్సులకు కొదవ లేదు, గంటంబావు ప్రయాణం. కండక్టరు కుర్చీకి కూడా టికెట్టు కొట్టాడు. కే.వి.కుప్పంలో మిరపకాయల గంపతో ఒక పెద్దామె ఎక్కి, మా తెలుగు విని పక్కన కూర్చుంది.

"యాడికి నాయనా, బండి ఎత్తుకొని?"

కాలు లేని ఒకాయనకమ్మా, గుడియాత్తంలో మగ్గాల వీధి అన్నాను.

"ఆ సందుల్లో పోతాదా ఇది? మా చెల్లెలిల్లు ఆడే ఉండాది. బిందె ఎత్తుకొని పోతేనే మోచేతులు గీసుకుంటాయి."

"దేవుడు దారి చూపిస్తాడమ్మా" అన్నారు దానియేలు గారు.

"చూపిస్తే సరి" అని ఆమె కిటికీ వైపు జరిగింది.

ఒంటిగంటకు చేరాం. ఆమె చెప్పినట్టే అయింది. సందులో కుర్చీ గోడకూ గోడకూ ఆనుకుంది. ఇంటికి రెండు మెట్లు, తలుపు ఇంకా ఇరుకు. లోపలికి పట్టలేదు, సందులోనే పెట్టాం. గడప దగ్గర కూర్చున్న మునిరత్నం నన్ను చూడగానే ముఖమంతా విప్పారేలా నవ్వాడు.

"వచ్చేసినావా అన్నా. సంచి యాడ?"

నా చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు. నేను కుర్చీ చూపించాను. అతను దాన్ని కాసేపు చూశాడు.

"బాగుండాది" అన్నాడు.

కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశాం. తలుపులోంచి గంగమ్మ పటం పడుతోందని దానియేలు గారు కుర్చీని కాస్త ముందుకు జరిపించారు. తర్వాత గోవిందమ్మ పొద్దునే వండి మూత పెట్టి వెళ్ళిన అన్నం, పప్పుచారు తిన్నాం. మేము వస్తున్నామని అప్పడాలు కూడా వేయించి పెట్టింది.

రెండున్నరకు మునిరత్నం అడిగాడు, "ఎట్లో ఇద్దురు వచ్చినారు గదా, నన్ను మగ్గంలోకి దించండన్నా." నా మెడ పట్టుకోమన్నాను. ఇద్దరం కలిసి దించాం. నా నడుం కలుక్కుమంటుందనుకున్నాను, ఏమీ కాలేదు. మనిషి సగమైపోయాడు. పడుగు మీద మూడు వారాల దుమ్ము అరచేత్తో తుడిచి, అడ్డపోగు నాడె విసిరాడు. మగ్గం చప్పుడు మొదలయ్యాక మేమున్నామన్న సంగతే మరిచిపోయాడు. అంత సంతోషం నేను ఆ ముఖంలో ఆసుపత్రి రోజుల్లో కూడా చూడలేదు.

మూడున్నరకు దానియేలు గారు గడియారం చూసుకున్నారు. సాయంత్రం అయిదున్నరకు కాట్పాడిలో మా బండి. ఆయన ప్రార్థన చేశారు. మునిరత్నం మగ్గం ఆపి చేతులు జోడించాడు. మేము లేవగానే, "టీ తాగను పోతా ఉండారా అన్నా? సందు మొదట్లో అంగడి ఉండాది, ఆడ బాగుంటాది. తాగి రాండి" అన్నాడు.

నేను ఊఁ అన్నాను. బస్సు తప్పిపోతుందన్న ధ్యాస తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు, ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను.

కాట్పాడి ప్లాట్‌ఫారం మీద దానియేలు గారు ఫోటోను సంఘం గ్రూపులో పెడుతూ, కింద ఏం రాద్దామని అడిగి, ఆయనే "విడువని ప్రేమ" అని రాసుకున్నారు. అప్పుడు తట్టింది. మనిషిని గుంటలో కూర్చోబెట్టి వచ్చేశాం. ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. అతని ఫోను మగ్గానికి అందనంత దూరాన కిటికీ గూట్లో ఉండటం నా కళ్ళతో చూశాను.

అవతలి ప్లాట్‌ఫారం మీద గుడియాత్తం మీదుగా పోయే బండి నిలబడి ఉంది. మెట్లెక్కి దిగితే చాలు. తిరుపతికి తర్వాత కూడా బళ్ళున్నాయని నాకు తెలుసు. "భార్య వస్తుందిలే బ్రదర్" అన్నారు దానియేలు గారు. నేను మా బండే ఎక్కాను, కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఏడున్నరకు పాకాల దాటాక మళ్ళీ చేస్తే గోవిందమ్మ ఫోను ఎత్తింది.

"నేను వచ్చేసరికి మగ్గంలోనే ఉండినాడన్నా. మీరు టీ తాగను పోయినారని చూస్తా ఉన్నాడంట. పంచె తడుపుకున్నాడు, నీళ్ళు పోసి మార్చినాను."

"ఎట్లా లేపావమ్మా?"

"కుర్చీ సందులో అడ్డం ఉండాదని ఎదురింటాయన అరిచేదానికి వచ్చినాడు. లారీకి పోయే ఆయన, ఈపొద్దు ఇంట్లో ఉండాడు. ఆయన్నే ఒక చెయ్యి పట్టమన్నాను. మూడు మూరలు నేసినాడన్నా. మీ మీద ఏం కోపం లేదు." లోపలి నుంచి ఏదో మాట వినిపించింది. "రేపు పొద్దున వస్తారా అని అడగమంటా ఉండాడు."

"రేపు ఆదివారమమ్మా. ఆరాధన ఉంది" అన్నాను.

"ఓ, సరే అన్నా" అని ఆమె ఫోను పెట్టేసింది. దానియేలు గారు నిద్రపోతున్నారు. రేపటి ఆరాధనలో ఈ ప్రయాణం గురించి సాక్ష్యం చెప్పవలసింది నేనే.