నాకు రెండే స్వరాలు

కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కెలుకుతుంటే ఆ సీడీ దొరికింది. నలుగురు ఇంగ్లీషువాళ్లు. తబలా లేదు, హార్మోనియం లేదు, ఉత్త గొంతులే. గొర్రెల మీద, కోతల మీద, తాగుడు మీద వాళ్ల పాత పల్లెపాటలు. ఒకడు బాణీ పాడుతుంటే మిగతా ముగ్గురూ దాని పైనా కిందా తలో స్వరం పట్టుకుంటారు. మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, విన్న ముగ్గురికీ పిచ్చెక్కింది. నేను, మా ఇంట్లో ఉండి చైతన్యపురిలో కోచింగ్ వెలగబెడుతున్న మా బావ, సరూర్‌నగర్‌లో ఉండే నా కాలేజీ దోస్తు.

ఇంగ్లీషు మాకు నోరు తిరగలేదు. దోస్తు వాళ్ల నాయనమ్మ నాట్ల పాట తెచ్చాడు. బాణీ వాడిది, పై గొంతు బావది. నాకు దక్కింది అడుగున రెండు స్వరాలు, పాటంతా అంతే. ఆ కిందిది అందుకోవాలంటే నేను నిండా ఊపిరి పీల్చాలి. దోస్తు ఏనాడూ ఆగేవాడు కాదు. నేను అందుకునేసరికి వాడు రెండో చరణంలో ఉండేవాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేడ మీదే సాధన. మా అమ్మ గుంటూరు మనిషి, మొహమాటం బొత్తిగా లేదు. "ముందు ముగ్గురూ ఏదో ఒక పాట అనుకుని పాడండ్రా," అనేది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడెక్కాక దోస్తు ఎల్బీనగర్ దీక్షా శిబిరంలో పాడటం మొదలుపెట్టాడు. మా మేడెక్కిన చివరిసారి మాటా మాటా పెరిగి, "మీవోళ్లు గిట్లనే ఉంటరు," అనేసి పోయాడు. నేను పుట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లోనే. రాష్ట్రం ఏమైనా కానీ, ఆ "మీవోళ్లు" నాకు చాలా నొప్పెట్టింది. వాడిక రాలేదు. నేనూ బావా బాణీ లేకుండానే ప్రయత్నించాం. మాకన్నా నీళ్ల మోటారు నయమని అమ్మ తేల్చేసింది.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు అన్నారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుకు తినడం, అదే నిరసన. వాడు అక్కడ పాడతాడని తెలిసి బయల్దేరాం. వాడికి మేమింకా ఏమైనా అవుతామో లేదో తెలుసుకోవాలని నా ఆరాటం.

"వెళ్తే వెళ్లండి గానీ నోరు విప్పకండి. మీ యాస వింటే ఏ ఊరని అడుగుతారు," అన్నాడు నాన్న.

అక్కడ మైకు మొరాయించింది. దోస్తు ఉత్త గొంతుతోనే నాయనమ్మ పాట ఎత్తుకున్నాడు. జనమంతా అదే బాణీలో అందుకున్నారు. నా రెండు స్వరాలు నన్నడక్కుండానే బయటికొచ్చాయి. ఆ వెంటనే బావ గొంతు కలిపాడు.

గుండిగలో గరిటె తిప్పుతున్న ఒక పెద్దావిడ చెయ్యి ఆపింది. "ఎవర్రా గది? పాటంత ఖరాబ్ చేస్తుండ్రు!"

పాట ఆగిపోయింది. పక్కనున్నాయన మా వైపు తిరిగాడు. "ఏ ఊరు మీది?"

బావ నా చొక్కా పట్టుకున్నాడు. నోరు విప్పితే గుంటూరు, విప్పకపోతే ఇంకా అనుమానం.

దోస్తు అప్పుడు చూశాడు మమ్మల్ని. "మావోళ్లే, పెద్దమ్మా. గట్లనే పాడ్తరు. నేనే నేర్పిన," అన్నాడు.

"ఏం నేర్పినవో ఏమో! జర మెల్లగ పాడుమను," అంది ఆవిడ.

వాడు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. నా కింది స్వరం వచ్చే చోట టక్కున ఆగాడు. ఏమైందోనని జనమూ ఆగారు. వాడు నా వైపే చూస్తున్నాడు. నేను నిండా ఊపిరి పీల్చుకున్నాను.